సున్నం పూయని చెట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వీడియో గేముల షాపు పెట్టినప్పుడు నవ్వనివాళ్ళు లేరు. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ఇరవై రెండేళ్ళు మామిడికాయల మధ్య బతికినవాణ్ణి. నాలుగో తరగతితో బడి మానేసి, నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి, పండ్ల డబ్బాల మీద అచ్చుగుద్దిన అక్షరాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. మోకాళ్ళు అరిగిపోయి తోటలు తిరగలేని రోజు వచ్చాక, కోచింగ్ సెంటర్ల సందులో ఒక షట్టరు కిరాయికి తీసుకుని మూడు టీవీలు, మూడు గేము మిషన్లు పెట్టాను. గంటకింత అని రేటు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు చదువు మీద విసుగు పుట్టినప్పుడల్లా వచ్చి ఆడుకుని పోయేవాళ్ళు.

ఆ షాపు గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. అక్కడ నేనిచ్చిన ఒక మాట చెడిపోయింది. చెడగొట్టినవాడు సముద్రాల అవతల ఎక్కడో ఉన్నాడు, వాడి ముఖం నేను చూడలేదు. పోయిన మాట మాత్రం నాది. పదేళ్ళు దాటినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ నాకు లేదు.

ముందు మామిడితోటల సంగతి చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు ఎవరికీ అర్థం కాదు.

మార్కెట్‌లో నా పని తోటలు చూడటం. మామిడి పూతకు రాగానే మా కమీషన్ ఏజెంటు నన్ను ఊళ్ళ మీదికి పంపేవాడు. పూత చూసి, పిందె ఎంత నిలుస్తుందో అంచనా కట్టి, కాయ పట్టకముందే తోట మొత్తాన్ని గుత్తకు మాట్లాడుకుని రావాలి. డబ్బు ముందే ఇవ్వాలి. తర్వాత గాలివాన కొట్టి పూత రాలిపోతే నష్టం మాదే. అందుకే ధర తక్కువ. కాయను కళ్ళతో చూసి కొంటే ఒక ధర, పూత చూసి కొంటే అందులో సగం. ముందు డబ్బిచ్చినవాడు ముప్పును కూడా మోస్తున్నాడు కదా. అది న్యాయమైన బేరం. దాన్ని నేనెప్పుడూ తప్పు పట్టను.

ఇంకొక పద్ధతి ఉండేది. రైతు తన ఇంటి కోసం ఒకటో రెండో చెట్లు ఉంచుకునేవాడు. మంచి చెట్లే ఉంచుకునేవాడు. అతని తోట, అతని ఇష్టం. అయితే బేరం తెగకముందే ఆ చెట్ల మొదళ్ళకు నడుమెత్తు సున్నం పూయాలి. సున్నం పూసిన చెట్టు బేరంలో లేదు. పూయని చెట్టు మీది ప్రతి కాయా మాదే. కాగితం రాసుకున్నా రాసుకోకపోయినా అందులో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. బేరం తెగాక సున్నం డబ్బా పట్టుకొచ్చిన రైతును నా మొత్తం నౌకరీలో ఒక్కణ్ణే చూశాను. మరుసటి ఏడాది అతని తోట వైపు మార్కెట్ నుంచి ఒక్కడూ పోలేదు.

ఇక షాపు సంగతి.

మా షట్టరు పైన మొదటి అంతస్తులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నడిపే మాస్టారు కృష్ణా జిల్లా వైపు మనిషి. ముప్పై ఏళ్ళ కింద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. వయసులో నాకంటే రెండేళ్ళు చిన్న. కంప్యూటర్లు వచ్చాక టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయి, మధ్యాహ్నాలు ఆయనకు పని ఉండేది కాదు. ఒకరోజు ఊరికే కిందికి దిగివచ్చి, గేము రిమోట్ చేతిలోకి తీసుకుని, బటన్లు తడిమి చూశాడు. వేళ్ళంటే అవీ వేళ్ళు! పదిహేను రోజుల్లో కోచింగ్ పిల్లలు కూడా ఆయన చేతులకేసి చూస్తూ నిలబడిపోయేవాళ్ళు.

మూడో మనిషి పోచంపల్లి నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టి, కొత్తపేటలో చీరల షాపులో సేల్స్‌మన్‌గా చేస్తున్న ముప్పై ఏళ్ళవాడు. లంచ్ టైములో డబ్బా ఇక్కడే విప్పుకుని తినేవాడు. మాకు మేము పెట్టుకున్న ఏర్పాటు ఏమిటంటే, మధ్యాహ్నం మూడో టీవీ మా ముగ్గురిది. ఒకరు ఆడతారు, ఇద్దరు చూస్తారు, సలహాలిస్తారు, తిట్టుకుంటారు.

మేము ఆడేది ఒక కోట కథ. కొండ మీద కోట. ఒకనాడు శత్రువులు లోపలికి వస్తారు. గోడ దూకి కాదు, లోపలి నుంచి ఎవరో తలుపు గడియ తీస్తేనే. కోటకు కాపలా కాసే ఒక ఆడమనిషి ప్రాణాలతో బయటపడి, ఆ గడియ తీసింది ఎవరో తేల్చుకోవడానికి బయలుదేరుతుంది. ఆమె వెంట మనం పోవాలి. తెర మీద ఇంగ్లీషు మాటలు వస్తే నేను ఆట ఆపించి డిక్షనరీ తీసేవాణ్ణి. మాస్టారు విసుక్కోకుండా అర్థం చెప్పేవాడు.

"వంటవాడేనండీ," అనేవాడాయన. "మొదటి రోజు నుంచీ చూస్తున్నా. కోట కాలుతుంటే అందరూ ఏడుస్తున్నారు, వాడొక్కడూ చేతులు కడుక్కుంటున్నాడు."

"వంటోడు గడియ తీసుడేంది సార్? గా సేనాపతిని చూడుండ్రి. వాని మొఖంలనే ఉన్నది దొంగతనం," అనేవాణ్ణి నేను.

"మీరిద్దరూ జర ఆపుండ్రి," అనేవాడు చీరల షాపతను నోట్లో ముద్ద పెట్టుకుని. "నా లంచ్ అయిపోవట్టె. గా పిల్లను ముందుకు నడిపియ్యుండ్రి."

అవి తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులు. బంద్ పిలుపు వస్తే సందంతా షట్టర్లు సగానికి దిగేవి. చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా-వార్పు చేస్తుంటే నేనూ పోయి కూర్చునేవాణ్ణి. టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే, రాష్ట్రం కలిసేటప్పుడు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం గురించి నేనే మొదలుపెట్టేవాణ్ణి. ఏ వాగ్దానం రాశారు, ఏది అమలు చేయలేదు అని పేపర్లలో చదివినవన్నీ నాకు నోటికి వచ్చు. కాగితం చదివేటప్పుడు ప్రతి అక్షరం చూసుకోవాలని కోచింగ్ పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లోనే మాస్టారు తన బోర్డు మీద ఇన్‌స్టిట్యూట్ పేరుకు ముందున్న తన సొంతూరి పేరు మీద రంగు పూసి చెరిపేశాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. అంటారేమోనని పూసుకున్నాడు. ఆ రంగు డబ్బా మూత బిగుసుకుపోతే నేనే స్క్రూడ్రైవర్‌తో తీసిచ్చాను. ఎందుకు సార్, వద్దు అని ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఆట చివరికి వచ్చాం. శత్రురాజు చచ్చాడు, యుద్ధం అయిపోయింది. గడియ తీసింది ఎవరో మాత్రం చెప్పలేదు. తెర మీద మూసిన తలుపు కనబడింది, ఆట అయిపోయింది. కింద ఒక వరుస వచ్చింది. కథ ఇంకా ఉంది, అదనపు భాగాలు రాబోతున్నాయి అని.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆట డిస్కు కొన్నాక కూడా కంపెనీలు దానికి అదనపు భాగాలు చేసి ఇంటర్నెట్‌లో అమ్ముతాయి, మనం డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒక్కొక్కటీ విడిగా కొనవచ్చు. లేదా రాబోయే భాగాలకన్నిటికీ కలిపి ముందే డబ్బు కట్టవచ్చు, అప్పుడు కాస్త తక్కువకు వస్తాయి. ఆ ముందు కట్టేదాని పేరు సీజన్ పాస్. ఫోన్ రీచార్జి కార్డు లాంటి కార్డు మీద నంబరు గీకి మిషన్‌లో కొట్టాలి.

ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదేమిటో నాకు తెలుసు! పూత మీద తోట పట్టడమే ఇది. ఇరవై రెండేళ్ళు నేను చేసిన పనే. ఈ ఒక్క విషయంలో ఈ సందులో నాకంటే తెలిసినవాడు లేడనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మెయిన్ రోడ్డు మీద డిస్కులు అమ్మే షాపుకు పోయి అడిగాను.

"ఇందుల ఏమేం వస్తయి?"

"నాలుగు భాగాలొస్తయి, కాకా."

"కథ మొత్తం అయిపోతదా?"

"అయిపోకపోతే ఏం చేస్తరు? రాబోయేటియే గియ్యి," అన్నాడు అతను ఇంకొకరికి చిల్లర ఇస్తూ.

కార్డు తిప్పి తిప్పి చూశాను. నా కళ్ళకు ఆనినంతలో, ఇది చేరదు అని ఎక్కడా లేదు. ఒక్క చెట్టుకూ సున్నం లేదు. పాస్ ఆట ధరలో సగానికి కాస్త తక్కువ పడుతుంది. ముగ్గురం సమంగా వేసుకుందామని ఇద్దరికీ చెప్పాను. చీరల షాపతను వెంటనే సరేనన్నాడు. మాస్టారు తటపటాయించాడు. సమ్మెలతో, బంద్‌లతో ఆయన ఇన్‌స్టిట్యూట్ నెలలో సగం రోజులు మూతపడి ఉంది.

"చూడని సరుక్కి డబ్బు కట్టడం నాకు అలవాటు లేదండీ. నేను కూడా ఫీజు నెలాఖరునే తీసుకుంటాను, మొదట్లో తీసుకోను. నేర్చుకున్నాక ఇస్తారు."

"సార్, గిది తోట పట్టినట్టే. ఏ చెట్టుకు సున్నం లేదు, నేను చూసిన. వంటోడో సేనాపతో గిందుల తేలిపోతది. కంపెనీ ఇంక ఒక్క పైస మిమ్ముల అడిగితే నన్ను అడుగుండ్రి. నా మాట."

"కంపెనీ సంగతి నాకు తెలీదు. మీ మాట మీదైతే సరే," అని మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చాడు.

మొదటి భాగం వచ్చింది. అది ఆమె గుర్రానికి ఒక ఎర్ర జీను.

"ఏంది కాకా గిది? గిన్ని పైసలు పెట్టి గుర్రానికి జీను కొన్నమా?" అన్నాడు చీరల షాపతను.

"తొలి కోత కాయ గట్లనే ఉంటది, ఆగు," అన్నాను.

"రంగు బాగుందిలెండి," అన్నాడు మాస్టారు నా పరువు కాపాడటానికి.

రెండోది కోట కింది పల్లె. న్యాయం చెప్పాలంటే అది బంగారంలా ఉంది. మా నెట్‌కు డౌన్‌లోడ్ కావడానికే ఒకటిన్నర రోజు పట్టింది. పల్లెలో కొత్త మనుషులు, కొత్త ఇళ్ళు, కొత్త మాటలు. కొత్తగా కూర్చుని చెమటోడ్చి చేసినట్టు కనబడుతూనే ఉంది. అలాంటిదానికి డబ్బు అడిగితే నేను కిమ్మనను. పని చేసినవాడికి కూలి ఇవ్వాలి. మూడోది కత్తియుద్ధం చేసుకునే నాలుగు గదులు. నాలుగోది ఆమెకు కొత్త బట్టలు. వాటిని చూసి చీరల షాపతను లేచి టీవీ దగ్గరికి పోయాడు.

"మా ఊరి డిజైన్ గిది! అంచు చూడుండ్రి సార్. ఎత్కపోయిండ్రు, ఎత్కపోతే పోయిండ్రు, మంచిగనన్నా వెయ్యలే. రంగంతా కలిసిపాయె."

ముగ్గురం బాగా నవ్వుకున్నాం. మేము ముగ్గురం కలిసి అలా నవ్వడం అదే ఆఖరు.

కొద్ది వారాలకు అసలు భాగం వచ్చిందని తెలిసింది. దాని పేరే తలుపు. గడియ తీసింది ఎవరో అందులో ఉంది. ఆ రోజు మాస్టారు ఉస్మానియా బిస్కెట్ల పొట్లం తెచ్చాడు. రిమోట్ ఆయన చేతిలోనే పెట్టాను, వంటవాడి మీద మొదట అనుమానపడింది ఆయనే కదా అని. ఆయన బటన్ నొక్కాడు. తెర మీద ధర వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ధరే వచ్చింది. మేము పాస్‌కు కట్టినదానిలో సగానికి పైనే ఉంది.

"మనకు పాస్ ఉన్నది గద?" అన్నాను, తెరతోనే మాట్లాడుతున్నట్టు.

మాస్టారు కింది వరుస చదివాడు. "ఈ భాగం పాస్‌లో చేరదటండీ. నాలుగూ అయిపోయాయట."

జీను ఒకటి. బట్టలు ఒకటి. అలా నాలుగు లెక్క పెట్టుకున్నారు వాళ్ళు.

చీరల షాపతను డబ్బా మూత టక్కున పెట్టాడు. "చీర అమ్మి, కొంగు కావాల్నంటే అలగ్ పైసలు అన్నట్టున్నది. నేను గిట్ల అమ్మితే కొత్తపేటల చెప్పు తీస్కొని కొడ్తరు, కాకా." తర్వాత మాస్టారు వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు. "గిప్పుడు సమజైందా సార్, మా బాధేందో? మాకిచ్చిన ఒప్పందాలు గూడ గిట్లనే. రాసుడు ఒకటి, ఇచ్చుడు ఒకటి."

మాస్టారు ముఖం మారిపోయింది. "నన్నెందుకయ్యా కలుపుతావు అందులో? నేనేమైనా సంతకం పెట్టానా?"

"నవ్వులాటకన్న సార్, ఫీల్ గాకుండ్రి."

"సంతకాలు పెట్టినవాళ్ళ సంగతి నాకు తెలీదు." ఆయన రిమోట్‌ను నెమ్మదిగా బల్ల మీద పెట్టి నాకేసి తిరిగాడు. "నేను కంపెనీకి డబ్బివ్వలేదండీ. మీకిచ్చాను."

బిస్కెట్ల పొట్లం విప్పకుండానే ఉండిపోయింది.

ఆ మర్నాడే కార్డు పట్టుకుని డిస్కుల షాపుకు పోయాను. అతను ఫోన్‌తో కార్డు వెనక ఫొటో తీసి, పెద్దది చేసి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కొన్ని భాగాలు ఈ పాస్‌లో చేరకపోవచ్చు.

"చేరకపోవచ్చు అంటే ఏంది? చేరుతదా, చేరదా?"

"చేరకపోవచ్చు అంటే... చేరకపోవచ్చు, కాకా. నేను అమ్మేటోణ్ణి. చేసేటోణ్ణి కాను. నన్ను పరేషాన్ చేస్తే ఏమొస్తది?"

ఆ అక్షరాలు నేను చూడలేదు. ఒప్పందం చదివేటప్పుడు ప్రతి అక్షరం చూసుకోవాలని టీ కొట్టు దగ్గర నలుగురికీ పాఠాలు చెప్పిన మనిషిని, చేతిలో ఉన్న కార్డు చదవలేదు. చదవాల్సిన అవసరమే తోచలేదు. రైతు సున్నం పూస్తే పొలం గట్టు నుంచి కనబడేది. మనిషి దాపరికంతో సున్నం పూస్తాడని, ఫొటో తీసి పెద్దది చేస్తే తప్ప కనబడనంత సన్నగా పూస్తాడని నా అనుభవంలో లేదు.

కంపెనీకి ఉత్తరం రాశాను. రెండు రోజులు కూర్చుని తెలుగులో రాశాను. అయ్యా, మీరు మాకు పూత అమ్మారు, ముప్పు మా మీద పెట్టారు, మంచి చెట్టు మీరు ఉంచుకున్నారు, ఉంచుకున్నట్టు చెప్పలేదు అని. అది ఇంగ్లీషులోకి మార్చి పంపాలంటే నాకు తెలిసినవాడు మాస్టారొక్కడే. మెట్లెక్కి పోయాను. ఆయన కాగితం తీసుకుని శ్రద్ధగా చదివాడు.

"సున్నం అని రాస్తే వాళ్ళకి అర్థమవుతుందంటారా?"

"అయ్యేటట్టు రాయుండ్రి సార్."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క తప్పు లేకుండా కొట్టి, నా ఎదుటే పంపించాడు. నేను లేవబోతుంటే అన్నాడు. "రెండు పేజీలయిందండీ."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎన్ని దరఖాస్తులు కొట్టిచ్చాడు నాకు! కరెంటు ఆఫీసుకు, మున్సిపాలిటీకి, మా ఇంటావిడ రేషన్ కార్డుకు. ఏనాడూ ఒక్క రూపాయి అడగలేదు. నోటు ఇచ్చాను. ఆయన సొరుగు తెరిచి చిల్లర వెతికి, నా అరచేతిలో పెట్టాడు. అక్కడ నేర్చుకునే అమ్మాయి ఒకతి టైపు ఆపి మా ఇద్దరికేసీ చూసింది.

కంపెనీ జవాబు వెంటనే వచ్చింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని ఉంది. రాబోయే కొత్త ఆట సీజన్ పాస్ మీద మాకు కొంత తగ్గింపు ఇస్తారట.

ఇక నా మాట నేనే నిలబెట్టుకోవాలి. నా సొంత డబ్బుతో ఆ భాగం కొని, ఇద్దరినీ పిలిచాను. ఆ రోజు బంద్. షట్టరు నడుం దాకా దించి ఉంది. మాస్టారు రానన్నాడు. చీరల షాపతను పోయి పట్టుకొచ్చాడు. నేను టీలు చెప్పి, డౌన్‌లోడ్ మొదలుపెట్టి, "పల్లె భాగానికి ఒకటిన్నర రోజు పట్టింది. దీనికి సాయంత్రం దాకనన్న పడుతది. కూసోండ్రి సార్, మాట్లాడుకుందం," అన్నాను. నిజానికి నాకు కావలసింది ఆ సాయంత్రమే. అంతసేపు పక్కపక్కన కూర్చుంటే మనసు కాస్త మెత్తబడుతుందని ఆశ.

టీ రాకముందే డౌన్‌లోడ్ అయిపోయింది.

"అప్పుడే?" అన్నాడు చీరల షాపతను.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగాడు. సైజు ఎంతో చూశాడు. "ఇది ఒక ఫొటో అంత కూడా లేదండీ. ఇందులో కథ ఎలా పడుతుంది?"

"మరి?"

ఆయన మిషన్ వైపు చూశాడు, దాని లోపల ఉన్న డిస్కు కనబడుతున్నట్టు. "ఇది భాగం కాదు. తాళంచెవి. భాగం డిస్కులోనే ఉంది. మనం ఆట కొన్న రోజు నుంచీ ఇక్కడే ఉంది."

ఇన్ని నెలలూ పొద్దున్నే షట్టరు తీసి, ఆ డిస్కును మెత్తని గుడ్డతో తుడిచి పెట్టినవాణ్ణి నేనే. కథంతా దాని మీద రాసి పెట్టే ఉంది. మేము డబ్బు పెట్టి కొని, షాపుకు తెచ్చుకుని, దాని ముందే కూర్చుని వంటవాడా, సేనాపతా అని కొట్టుకుంటున్నాం.

ఇది పూత అమ్మడం కూడా కాదు. పూత మీద కొన్నవాడు గాలికి ఓడిపోవచ్చు, వానకు ఓడిపోవచ్చు. ఇక్కడ కాయ పండి, కోసి, బుట్టకెత్తి, బుట్ట నా చేతికిచ్చి, మూతకు తాళం వేశారు. రుచి చూపించి, తాళంచెవి అమ్మారు. ఆట అమ్మిన తర్వాత చేసిన పనికి ధర పెట్టు, ఇస్తాను. ఎంతో ముందే చెప్పు, ఇష్టమైతే కొంటాను, లేకపోతే లేదు. ఏది చేరదో పెద్ద అక్షరాలతో ముందు రాయి. ఆట అమ్మిన రోజుకు తయారై ఉన్నది మాత్రం కొన్నవాడిదే. ఇంత చిన్న న్యాయానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మాస్టారు లేచాడు. "మీరాడండి. నాకు ఇన్‌స్టిట్యూట్‌లో పనుంది."

బంద్ రోజు. పైన తాళం వేసే ఉంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వంగి, షట్టరు కింది నుంచి బయటికి పోయాడు. టీ తెచ్చినతను మూడు గ్లాసులు పెట్టాడు. మేమిద్దరం తాగాం.

చీరల షాపతను కూడా ఎక్కువసేపు లేడు. నేనొక్కణ్ణే కూర్చుని ఆడాను. గడియ తీసింది వంటవాడే. కోట కాలిన రోజు మొదట్లో వాడు చేతులు కడుక్కునే దృశ్యం మళ్ళీ వచ్చింది. ఈసారి నీళ్ళలో గడియకున్న తుప్పు కనబడింది. మాస్టారు మొదటి రోజే చూశాడు ఆ చేతుల్ని.

ఆయనకు చెప్పాలని మరునాడు మెట్లు సగం ఎక్కాను. పైన టైపు మిషన్ చప్పుడు వినబడింది. చెబితే, ఇది కూడా డబ్బు పెట్టి తెలుసుకున్నదే కదండీ అంటాడేమో అనిపించింది. అక్కడి నుంచే దిగి వచ్చాను.

తర్వాత ఆయన మధ్యాహ్నాలు కిందికి రాలేదు. ఎదురుపడితే పలకరించేవాడు. పలకరింపులో లోటేమీ లేదు. తెలంగాణ వచ్చిన రోజు సందులో మిఠాయిలు పంచాను, ఆయనకూ ఇచ్చాను. తీసుకుని, నోట్లో వేసుకుని, "శుభాకాంక్షలండీ, మీరు కోరుకున్నది జరిగింది," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మరుసటి ఏడాది టైపు మిషన్లు తూకానికి అమ్మేసి మీర్‌పేట్‌కు ఇల్లు మారాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక నా షాపూ మూతపడింది. ఆ కోట ఆటను అన్ని భాగాలూ కలిపి ఒకే డిస్కులో, మేము కట్టినదానిలో మూడో వంతుకు అమ్ముతున్నారని చీరల షాపతను ఒకరోజు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. నేను మాత్రం ఇప్పటికీ ఈ పక్కనే, ఎల్బీ నగర్‌లో ఉన్నాను.

పోయిన వేసవిలో కొత్తపేట రైతు బజార్‌లో మాస్టారు కనబడ్డాడు. బక్కచిక్కిపోయాడు. నిమ్మకాయలు ఏరుకుంటున్నాడు. ఆ వేళ్ళు ఇంకా అంతే వడిగా ఉన్నాయి. పక్కకు పోయి నిలబడ్డాను. మోకాళ్ళ గురించి, బీపీ గురించి మాట్లాడుకున్నాం. ఇక ఉండబట్టలేక అన్నాను.

"సార్, గడియ తీసింది ఎవలో మీకు చెప్పనే లేదు."

ఆయన తలెత్తి నవ్వాడు. "చెప్పడం పాస్‌లో చేరుతుందా, దానికి వేరేనా?"

"ఊకెనే సార్, పైసలేం వద్దు. మీరు చెప్పినోడే. వంటోడే."

ఆయన ముఖం ఒక్కసారి విప్పారింది. "నేను చెప్పలేదూ! చేతులు కడుక్కుంటున్నాడని మొదటి రోజే చెప్పానా లేదా?" చేతిలో నిమ్మకాయ పట్టుకుని, పక్కన కూరలు బేరమాడుతున్న ఆవిడతో చెప్పబోయి, ఎవరో ఏమిటో అని ఆగిపోయాడు. ఆ కాసేపూ మూడో టీవీ ముందు కూర్చున్న మనిషే ఆయన.

తర్వాత నిమ్మకాయ సంచిలో వేస్తూ, నాకేసి చూడకుండా అడిగాడు. "అది మొదటి నుంచీ డిస్కులోనే ఉంది కదండీ. పాస్ కొనమన్నప్పుడు మీకు తెలుసా?"

ఇన్నేళ్ళూ ఆయన మనసులో ఉన్నది అదన్నమాట.

"నాకెట్ల తెలుస్తది సార్? తెలిస్తే మిమ్ముల అడుగుతనా?"

"సరేలెండి," అన్నాడు.

నిమ్మకాయలకు డబ్బిచ్చి, సంచి భుజానికి తగిలించుకుని, మీర్‌పేట్ ఆటోలు ఆగే వైపు నడిచిపోయాడు. సరేలెండి అంటే నమ్మానని కాదు. అది నాకు తెలుసు. వెనక నుంచి పిలిచి ఇంకొకసారి చెబుదామనుకున్నాను. ఇచ్చిన మాట ఒకటి పోయాక, ఇంకొక మాట ఏమని ఇవ్వను? అక్కడే నిలబడ్డాను.